నేర విచారణలో సాక్షిని కోర్టుకు సిద్ధం చేయడం ఎలా: నేర్పకుండా, బెదిరించకుండా

తమిళనాడుకు చెందిన ఒక హత్య కేసులో కింది కోర్టు విధించిన శిక్షను హైకోర్టు ఖాయం చేసింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని రద్దు చేసింది. సాక్ష్యం చెప్పవలసిన రోజుకు ముందురోజు ప్రధాన సాక్షులను పోలీసు స్టేషన్‌కు పిలిపించి, కోర్టులో ఏమి చెప్పాలో అక్కడ నేర్పారన్న సంగతి క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి పక్షం లాయరు ప్రశ్నించేటప్పుడు, ఆ సాక్షుల నోటనే బయటపడింది. అలా నేర్పించిన సాక్ష్యాన్ని పక్కన పెట్టవలసిందేనని న్యాయస్థానం తేల్చి, పోలీసుల ప్రవర్తనపై విచారణ జరిపించాలని ఆ రాష్ట్ర డీజీపీని ఆదేశించింది. ఆ సాక్షులు నిజంగానే చూసి ఉండవచ్చు. అయినా వారు చూసినదేదో, స్టేషన్‌లో విన్నదేదో విడదీసి చెప్పే దారి ఎవరికీ మిగలలేదు.

సాక్షితో ముందుగా మాట్లాడటమే తప్పు అనే భయం ఈ తీర్పు తర్వాత కొందరు యువ న్యాయవాదులలో కలిగింది. అది సరైన నిర్ధారణ కాదు. ఎన్నడూ కోర్టు గడప తొక్కని మనిషిని ఒక్క మాటైనా వివరించకుండా నేరుగా బోనులో నిలబెట్టడం అతనికీ అన్యాయమే, విచారణకూ అన్యాయమే. మీరు ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా ఉన్నా, ముద్దాయి తరఫున డిఫెన్స్ సాక్షిని పిలుస్తున్నా, మిమ్మల్ని మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: సాక్షి రేపు బోనులో చెప్పబోయే సంగతులలో మిమ్మల్ని కలవకముందు అతనికి తెలియనిది ఏదైనా ఉందా? ఉంటే, మీరు హద్దు దాటారు. కింద చెప్పిన క్రమం ఈ ప్రశ్నను ఆధారం చేసుకొన్నదే.

1. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి సమక్షంలో కలవాలో ముందే నిర్ణయించుకోండి

సాక్షిని పోలీసు స్టేషన్‌లో కలవవద్దు. కోర్టు ఆవరణలోని ప్రాసిక్యూటర్ కార్యాలయంలో గాని, మీ ఆఫీసులో గాని కలవండి. ఒక్కొక్క సాక్షిని విడివిడిగా కలవడం తప్పనిసరి. ఒకే కుటుంబానికి చెందిన నలుగురు ప్రత్యక్ష సాక్షులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడితే, మీరు ఏమీ నేర్పకపోయినా వారిలో ఒకరి జ్ఞాపకం మరొకరి జ్ఞాపకంలోకి చేరిపోతుంది. పెద్దన్నయ్య చెప్పిన గంటే తమ్ముడికీ గుర్తుంటుంది. దర్యాప్తు అధికారిని ఆ సమయంలో గదిలో ఉంచకండి. మీ జూనియర్ ఒకరు పక్కన ఉంటే మంచిది. సాక్షి మహిళ అయితే మరొక మహిళ తప్పక ఉండాలి. కలిసిన తేదీ, సమయం, అక్కడ ఉన్నవారి పేర్లు, చర్చించిన విషయాలు ఒక పుస్తకంలో రాసుకోండి.

చాలా కోర్టులలో ఇంత తీరిక దొరకదని నాకు తెలుసు. కేసు పిలిచే పది నిమిషాల ముందు వరండాలో సాక్షిని చూసే ప్రాసిక్యూటర్లే ఎక్కువ. ఆ పది నిమిషాలే మీకు ఉన్నప్పుడు వాటిని కేసు సంగతులకు ఖర్చు చేయకండి; కోర్టు పద్ధతిని వివరించడానికి వాడండి. హడావుడిలో సంగతులు మాట్లాడబోతేనే నేర్పడం మొదలవుతుంది.

2. కాగితాలు మూసి ఉంచి, ముందు వినండి

మీరు చేయవలసిన మొదటి పని అడగడం కాదు, వినడం. స్టేట్‌మెంట్ల కట్టను మూసి పక్కన పెట్టి, ‘ఆ రోజు ఏం జరిగిందో మీకు గుర్తున్నంత వరకు చెప్పండి’ అని అడగండి. మధ్యలో అడ్డుపడకండి. ‘అప్పుడు కత్తి చూశారు కదా?’ వంటి ప్రశ్న ఒక్కటి పడినా, ఆ కత్తి సాక్షి జ్ఞాపకంలోకి వచ్చి చేరుతుంది, మళ్ళీ బయటకు రాదు. చీఫ్ ఎగ్జామినేషన్‌లో, అంటే సాక్షిని పిలిచిన పక్షమే మొదట ప్రశ్నించేటప్పుడు, జవాబును తామే అందించే ఇటువంటి సూచక ప్రశ్నలు అడగకూడదని సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 146వ సెక్షన్ చెబుతున్నది. బోనులో అడగకూడని ప్రశ్నను మీ ఆఫీసులో అడగడం వల్ల కలిగే హాని ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ అభ్యంతరం చెప్పే ఎదుటి పక్షం ఉండదు.

సాక్షి చెప్పడం పూర్తయ్యాక అస్పష్టంగా ఉన్నచోట వివరణ అడగవచ్చు. ‘తర్వాత ఏమైంది’, ‘అప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారు’, ‘అది మీరు చూశారా, ఎవరైనా చెబితే విన్నారా’ అన్నవి నిరపాయమైన ప్రశ్నలు. చివరిది మరీ ముఖ్యం. ఊళ్ళో ఒక హత్య జరిగి రెండేళ్ళు గడిచేసరికి అందరూ అన్నీ విని ఉంటారు. తాను కళ్ళారా చూసినది ఎంత, రచ్చబండ దగ్గర విన్నది ఎంత అన్న గీతను సాక్షి తనంతట తాను గీసుకొనేలా సహాయపడటం న్యాయమైన పనే.

3. పాత వాంగ్మూలాన్ని జాగ్రత్తగా వాడండి

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన నేర విచారణ పద్ధతి చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ప్రకారం పోలీసులు సాక్షిని విచారించి రాసుకొనే వాంగ్మూలం 180వ సెక్షన్ కిందికి వస్తుంది. పాత చట్టమైన సీఆర్‌పీసీలో ఇది 161. దీనిపై సాక్షి సంతకం ఉండకూడదు. 181వ సెక్షన్ ప్రకారం దానిని ప్రధానంగా సాక్షి మాటలోని వైరుధ్యాన్ని చూపడానికే వాడవచ్చు. ముఖ్యమైన సంగతిని అప్పట్లో చెప్పకుండా వదిలివేయడం కూడా సందర్భాన్ని బట్టి వైరుధ్యమే అవుతుంది. పైగా ఆ కాగితం పోలీసు తన మాటలలో రాసుకొన్నది తప్ప, సాక్షి స్వహస్తాలతో రాసినది కాదు. దానిని బట్టీ పట్టించి అప్పజెప్పిస్తే వచ్చేవి చిలక పలుకులే. ముగ్గురు సాక్షులు ఒకే వాక్యాన్ని ఒకే వరుసలో చెబితే అనుభవం ఉన్న ఏ న్యాయమూర్తికైనా విషయం అర్థమవుతుంది.

నా సలహా ఇది. సాక్షి తన జ్ఞాపకం నుంచి మొత్తం చెప్పిన తర్వాతే, అవసరమైతే, అతని వాంగ్మూలాన్ని మాత్రమే ఒకసారి చదివి వినిపించి, ‘ఇందులో మీరు చెప్పనిది ఏదైనా ఉందా, చెప్పినది ఏదైనా రాయకుండా వదిలేశారా’ అని అడగండి. ‘ఇలాగే చెప్పండి’ అనకండి. ఇతర సాక్షుల వాంగ్మూలాలను చూపకండి, వారేం చెప్పారో నోటిమాటగానైనా చెప్పకండి. పోస్టుమార్టం నివేదికలో ఎన్ని గాయాలున్నాయో ప్రత్యక్ష సాక్షికి తెలియవలసిన అవసరం లేదు. డాక్టరు, దర్యాప్తు అధికారి, పోలీసులు వస్తువులు స్వాధీనం చేసుకొన్నప్పుడు సాక్షులుగా పత్రాలపై సంతకం చేసిన మధ్యవర్తులు మాత్రం తాము ఆ సమయంలోనే తయారుచేసిన, లేదా చదివి సరైనదని ఒప్పుకొన్న కాగితాలను చూసుకొని రావచ్చు. సాక్ష్య అధినియం 162వ సెక్షన్ వారికి బోనులో ఉండగానే జ్ఞాపకాన్ని తాజా చేసుకొనే అవకాశం ఇస్తుంది. మన రాష్ట్రాలలో మధ్యవర్తులుగా ఎక్కువగా రెవెన్యూ, ఇతర ప్రభుత్వ ఉద్యోగులు వెళుతుంటారు. ఒకే నెలలో నాలుగైదు పంచనామాలకు వెళ్ళిన ఉద్యోగి ఏ కేసులో ఏమి చూశాడో కలగాపులగం కావడం సహజం, కాబట్టి వారిని తమ కాగితం ముందుగా చదువుకోమనడం అవసరం కూడా.

మేజిస్ట్రేటు ముందు 183వ సెక్షన్ కింద, అంటే పాత 164 కింద, ఇచ్చిన వాంగ్మూలం ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం నేరమని, న్యాయ విచారణలో అబద్ధపు సాక్ష్యానికి నేరాలు, శిక్షల చట్టమైన భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు జైలుశిక్ష ఉందని సాక్షికి తెలియజేయవచ్చు. అదే సంగతిని ‘మేజిస్ట్రేటు దగ్గర చెప్పినట్టు చెప్పకపోతే నిన్ను లోపల వేయిస్తాం’ అన్న రూపంలో చెబితే అది సమాచారం కాదు, బెదిరింపు. అబద్ధపు సాక్ష్యం చెప్పమని బెదిరించడం అదే సంహిత 232వ సెక్షన్ కింద నేరమని మీరు గుర్తుంచుకోండి.

4. కోర్టు హాలును, అక్కడి పద్ధతిని పరిచయం చేయండి

ఇక్కడ మీకు హద్దులు దాదాపుగా లేవు, ఎంత వివరిస్తే అంత మంచిది. వీలైతే ఖాళీగా ఉన్నప్పుడు హాలును చూపించండి: న్యాయమూర్తి ఎక్కడ కూర్చుంటారు, బోను ఎక్కడ, ముద్దాయి ఎక్కడ నిలబడతాడు, టైపు చేసేవారు ఎవరు. తన వంతు వచ్చేవరకు బయట ఉండాలని, ఇతర సాక్షుల సాక్ష్యం వినకూడదని చెప్పండి. ప్రమాణం ఎలా చేయిస్తారో చెప్పండి. దేవుని పేరున గాని, మనస్సాక్షిపై గాని చేయవచ్చు. మొదట పిలిచిన పక్షం ప్రశ్నలు, తర్వాత ఎదుటి పక్షం క్రాస్, అవసరమైతే మళ్ళీ మొదటి పక్షం ప్రశ్నలు ఉంటాయని వివరించండి. క్రాస్‌లో లాయరు ‘మీరు అబద్ధం చెబుతున్నారు’ అంటే అది తనను తిట్టడం కాదని, తన కక్షిదారు వాదనను సాక్షి ముందు ఉంచడం అతని బాధ్యత అని ముందే తెలిసిన సాక్షి కోపం తెచ్చుకోడు. అసభ్యమైన, అవమానించడానికే ఉద్దేశించిన ప్రశ్నలను ఆపే అధికారం కోర్టుకు ఉందని కూడా చెప్పండి. జవాబు తనను ఇరికిస్తుందన్న కారణంతో సాక్షి చెప్పకుండా ఉండలేడు. కాని అలా నిర్బంధంగా చెప్పించిన జవాబును అబద్ధపు సాక్ష్యం కేసులో తప్ప అతనిపై వాడకూడదని సాక్ష్య అధినియం 137వ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

క్రాస్ ఎలా ఉంటుందో అనుభవం కలిగించాలనుకుంటే కేసుతో సంబంధం లేని విషయాన్ని తీసుకోండి. సాక్షి మొన్నటి సంతకు వెళ్ళివచ్చిన సంగతి చెప్పమని, దానిపై గట్టిగా ప్రశ్నలు వేయండి. అసలు ఘటనపై ఉత్తుత్తి క్రాస్ నడిపితే మాత్రం అది జవాబులు దిద్దే పాఠంగా మారుతుంది. ఇంగ్లండు అప్పీలు కోర్టు 2005లో మొమొడూ కేసులో ఇదే గీత గీసింది: నేర కేసులలో సాక్షికి కోర్టు పరిచయం చేయవచ్చు, సాక్ష్యంపై శిక్షణ ఇవ్వకూడదు. అమెరికాలో రిహార్సల్ చేయించడం సాధారణమే అయినా, మన కోర్టులు నేర్పించిన సాక్షిని చూసే చూపు ఇంగ్లండుకే దగ్గరగా ఉంటుంది.

5. జవాబు చెప్పే భాషపై శ్రద్ధ పెట్టండి

మన కోర్టులలో నిజాయితీపరుడైన సాక్షి దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. సాక్షి తెలుగులో చెబుతాడు. చాలా కోర్టులలో రికార్డు ఇంగ్లీషులో తయారవుతుంది. ఆ మార్పిడిలో అర్థం జారిపోయే చోట్లను ముందే తెలియజేయడం నేర్పడం కిందికి రాదు.

‘మీరు ఆ సమయంలో అక్కడ లేరు కదా?’ అని అడిగితే మన భాషలో ‘అవును’ అంటే లేనని ఒప్పుకొన్నట్టు, ‘కాదు’ అంటే ఉన్నానన్నట్టు. ఇంగ్లీషులో దీనికి సరిగ్గా తిరగబడుతుంది. కంగారులో ఉన్న సాక్షి ఒక్క ముక్కలో జవాబిస్తే ఏది రికార్డవుతుందో చెప్పలేం. అందుకని ‘ఉన్నాను’, ‘లేను’, ‘చూశాను’, ‘చూడలేదు’ అంటూ పూర్తి క్రియతో చెప్పమనండి. ఏ జవాబు చెప్పాలో మీరు చెప్పడం లేదు. చెప్పేది ఏదైనా స్పష్టంగా చెప్పమంటున్నారు.

‘మా అన్న’ అంటే తోడబుట్టినవాడు కావచ్చు, పెదనాన్న కొడుకు కావచ్చు, వరసకు అన్న కావచ్చు. ఒక సాక్షి ‘అన్న’ అని, మరొకరు ‘పెద్దనాయన కొడుకు’ అని చెబితే రికార్డులో ఇద్దరు వేరువేరు మనుషులు కనబడతారు. బంధుత్వాన్ని విడమరచి చెప్పమనండి. ‘మొన్న’ అన్న మాట ఒక చోట నిన్నటికి ముందురోజు, మరొక చోట కొన్నాళ్ళ కిందట. ‘మాపు’ అంటే ఏ వేళ అన్నది కూడా ప్రాంతాన్ని బట్టి అడగవలసిందే.

దూరాలు, సమయాలు ఇంకొక చిక్కు. పల్లెటూరి సాక్షి రెండు బారల దూరం అంటాడు, పాలు పితికే వేళ అంటాడు. దానిని మీరు పన్నెండు అడుగులుగా, ఉదయం 5.30గా మార్చి అతని నోట పెట్టకండి. క్రాస్‌లో ‘మీరు కొలిచారా, గడియారం చూశారా’ అన్న మొదటి ప్రశ్నకే ఆ అంకె కూలుతుంది, దానితోపాటు అతనిపై నమ్మకమూ సడలుతుంది. బారలు అనే చెప్పనివ్వండి, లేదా కోర్టు హాలులోనే ‘ఇక్కడి నుంచి ఆ తలుపు వరకు’ అని చూపనివ్వండి.

‘చూడలేదు’, ‘తెలియదు’, ‘గుర్తు లేదు’ అన్నవి మూడు వేరు జవాబులని, మూడూ గౌరవమైన జవాబులేనని సాక్షికి గట్టిగా నమ్మకం కలిగించండి. చదువుకోని వారిలో చాలామంది ‘తెలియదు’ అంటే తప్పు చేసినట్టు భావిస్తారు. ఆ భయంతో ఊహించి చెబుతారు, ఆ ఊహే తర్వాత అబద్ధంగా రుజువవుతుంది. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనే హక్కు తనకు ఉందని కూడా తెలియజేయండి.

‘లాయరుతో ముందుగా మాట్లాడారా?’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది. దానికి కూడా ఉన్నదున్నట్టు చెప్పమనండి. ఆ జవాబుకు కూడా మాటలు మీరు అందించకండి.

6. గుర్తింపు విషయంలో నోరు, వేలు రెండూ అదుపులో ఉంచుకోండి

సాక్షి కోర్టులో ముద్దాయిని గుర్తించవలసి ఉంటే, వరండాలో నిలబడి ‘అదిగో, చారల చొక్కా వేసుకొన్నవాడే రెండో ముద్దాయి’ అని కానిస్టేబుల్ చూపించకుండా మీరు అడ్డుకోవాలి. ఫొటోలు, పత్రికా కత్తిరింపులు, ఫోనులో వీడియోలు సాక్షికి చూపవద్దు. పాత పరిచయస్థుడైన ముద్దాయి విషయంలో దీని ప్రాధాన్యం తక్కువ. ఘటన రోజే మొదటిసారి చూసిన ముఖమైతే కేసు మొత్తం దీనిపైనే నిలబడుతుంది.

7. సాక్షి చెప్పేది మారితే, లేదా భయపడితే

మీతో మాట్లాడుతూ సాక్షి వాంగ్మూలానికి భిన్నమైన ముఖ్య సంగతి చెప్పవచ్చు. పాత దారికి లాగకండి. కారణం అడిగి, రాసుకోండి. మీరు ప్రాసిక్యూటర్ అయితే ఆ సంగతి ముద్దాయికి అనుకూలమైనా దాచడానికి వీలులేదు. నిర్దోషికి శిక్ష పడే విధంగా ప్రాసిక్యూషన్ నడపకూడదని, నిర్దోషిత్వాన్ని నిరూపించగల అంశాలను తొక్కిపెట్టకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. దర్యాప్తులో లోపం ఉందని తేలితే కోర్టు అనుమతితో తదుపరి దర్యాప్తుకు సురక్షా సంహిత 193వ సెక్షన్‌లో దారి ఉంది. డిఫెన్స్ పక్షాన ఉన్న మీకు, పిలవబోయే సాక్షి అబద్ధం చెప్పబోతున్నాడని తెలిస్తే చేయవలసింది ఒక్కటే: అతన్ని పిలవకండి. కక్షిదారు ఎంత ఒత్తిడి చేసినా సరే.

మార్పుకు కారణం భయమే అయితే విషయం వేరు. 2002లో వడోదరలో 14 మంది మరణించిన బెస్ట్ బేకరీ కేసులో సాక్షులు అడ్డం తిరగడంతో నిందితులందరూ విడుదలయ్యారు. 2004లో సుప్రీంకోర్టు గుజరాత్ బయట మళ్ళీ విచారణ జరపాలని ఆదేశించవలసి వచ్చింది. ఆ తర్వాత 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు ఆమోదించి దేశమంతటా అమలు చేయమంది. ఇప్పుడు సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ ఇటువంటి పథకాన్ని ప్రకటించాలని నిర్దేశిస్తున్నది. 2018 పథకం ప్రకారం జిల్లా సెషన్స్ జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేయాలి. ఏసీపీ లేదా డీఎస్పీ స్థాయి అధికారి ఐదు పని దినాలలో ముప్పు అంచనా నివేదిక ఇవ్వాలి. ‘ధైర్యంగా ఉండమ్మా’ అన్న మాటతో సరిపెట్టకుండా ఆ దరఖాస్తును మీరే రాసి పెట్టండి. ఇటువంటి రక్షణ ఉందని తెలిసిన సాక్షులు నేటికీ చాలా తక్కువ.

డబ్బు సంగతి సూటిగా చెప్పాలి. కోర్టు ఇచ్చే బత్తా, నిజంగా అయిన ప్రయాణ ఖర్చు తప్ప, సాక్షి చేతిలో ఏ పక్షమూ ఏమీ పెట్టకూడదు.

8. పిల్లలైతే

ఘటన గురించి మీరు పదేపదే అడగకండి. అడిగిన ప్రతిసారీ పిల్లల జ్ఞాపకంలో పెద్దల మాటలు చేరతాయి, గాయమూ రేగుతుంది. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 33వ సెక్షన్ ప్రకారం ప్రశ్నలను న్యాయవాదులు కోర్టుకు అందించాలి, కోర్టే బిడ్డను అడగాలి. మధ్యలో విరామాలు ఇవ్వాలి, దూకుడు ప్రశ్నలను అనుమతించకూడదు. 36వ సెక్షన్ ప్రకారం బిడ్డకు ముద్దాయి కనబడకుండా చూడాలి. ఈ ఏర్పాట్లు ముందే అడిగి పెట్టుకోవడం, గదిని చూపించడం, బిడ్డకు తోడుగా నియమించే సహాయ వ్యక్తి పక్కన ఉండేలా చూడటం వరకే మీ సన్నాహం. తల్లిదండ్రులు ఇంట్లో బిడ్డకు మాటలు నేర్పవద్దని వారికి విడిగా, నెమ్మదిగా చెప్పండి. మంచి ఉద్దేశంతోనే వారు ఎక్కువగా ఆ పని చేస్తారు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు నిజం చెప్పవలసిన బాధ్యతను గ్రహించి, ప్రమాణం అర్థాన్ని గ్రహించలేకపోతే ప్రమాణం లేకుండానే సాక్ష్యం చెప్పవచ్చు.

9. సాక్ష్యం మొదలైన తర్వాత

చీఫ్ ముగిసి క్రాస్ వాయిదా పడితే ఆ మధ్యకాలంలో సాక్షితో కేసు గురించి మాట్లాడకండి. అటువంటి వాయిదాలే సాక్షులను అడ్డం తిప్పే వ్యవధి ఇస్తాయి. చీఫ్‌కూ క్రాస్‌కూ మధ్య నెలల తరబడి ఎడం వచ్చిన వినోద్ కుమార్ కేసులో 2015లో సుప్రీంకోర్టు ఈ అలవాటును తీవ్రంగా ఆక్షేపించింది. ఆ తీర్పును చూపి అదే రోజు క్రాస్ ముగించమని కోర్టును కోరండి.

విదేశాల నుంచి వీడియో ద్వారా సాక్ష్యం చెప్పే మనవారి విషయంలో, గదిలో మరెవరూ లేరని, చేతిలో ఫోను గాని, బల్లపై చీటీలు గాని లేవని ముందే నిర్ధారించుకోండి.

సాక్ష్యం పూర్తయ్యాక దానిని సాక్షికి చదివి వినిపించాలని, ఇంగ్లీషులో ఉంటే అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలని సురక్షా సంహిత 313వ సెక్షన్ చెబుతున్నది. వేలిముద్ర వేసి వెళ్ళిపోదామన్న తొందరలో సాక్షులు దీనిని వదులుకొంటారు. వినమని, తాను అనని మాట రాసి ఉంటే అక్కడే కోర్టుకు చెప్పమని మీరు ముందే చెప్పి ఉంచండి. బయటకు వచ్చాక ‘బాగా చెప్పావు’ అని మెచ్చుకోవద్దు; ఇంకా పిలవని సాక్షులు ఆ వరండాలోనే కూర్చొని ఉంటారు. బత్తా ఇప్పించి, ఊరికి పంపించండి.